అరచేతిలో ఇల్లు కట్టి చూడు

మినియేచర్ ఇంటి కిట్ కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని పూర్తి చెయ్యరు. పెట్టె తెరిచిన రోజు ఉత్సాహం పొంగుతుంది. ముద్దొచ్చే కుర్చీతోనో పూలకుండీతోనో మొదలుపెడతారు. రెండు మూడు సాయంత్రాలు గడిచేసరికి వేళ్ళనిండా జిగురు, బల్లనిండా ఏది దేనిదో తెలియని ముక్కలు, ఒక గోడ కాస్త వంకర. పెట్టె మూసి అటక మీద పెట్టేస్తారు. పైగా "నాకు ఓపిక లేదు" అని తమ మీద తామే తీర్పు చెప్పుకుంటారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను. ఓపిక చాలక ఆగిపోయిన ఇళ్ళు తక్కువ. వరస తప్పి, కొలత తప్పి ఆగిపోయినవే ఎక్కువ. వరసా కొలతా పుట్టుకతో రానక్కర్లేదు, నేర్చుకుంటే వస్తాయి.

ఇది పెద్దవాళ్ళు కూర్చుని చెయ్యదగ్గ పనేనా అన్న సంకోచం ఉంటే ముందు దాన్ని వదిలించుకోండి. యూరప్‌లో బొమ్మరిల్లు పిల్లల చేతికి వచ్చింది చాలా ఆలస్యంగా. బవేరియా పాలకుడు ఐదో ఆల్బ్రెక్ట్ 1557-58లో చేయించుకున్న బొమ్మరిల్లు తన వైభవం నలుగురికీ చూపించుకోవడానికే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్న పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు, 17వ శతాబ్దం చివర్లో ఒక కలవారి ఇల్లాలు ఏళ్ళ తరబడి సమకూర్చుకున్నది. మన కొత్త ఢిల్లీకి రూపమిచ్చిన ఎడ్విన్ లుట్యెన్స్, ఆ నగరం పనుల్లో ఉన్న రోజుల్లోనే, 1921-24 మధ్య ఇంగ్లండు రాణి మేరీకి ఒక బొమ్మరిల్లు రూపొందించారు. అందులో కుళాయిలు తిప్పితే నీళ్ళు వచ్చేవి, దీపాలు వెలిగేవి, లిఫ్టు నడిచేది. ఇప్పుడది విండ్సర్ కోటలో ఉంది.

వీళ్ళందరికన్నా మనకు ఎక్కువ పనికొచ్చే మనిషి అమెరికాకు చెందిన ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. అనుమానాస్పద మరణాలు జరిగిన గదులను ఆవిడ 1940లలో, ఒక వడ్రంగి సాయంతో, నిజం కొలతలో పన్నెండో వంతుకు తగ్గించి చేశారు. పోలీసులకు శిక్షణ ఇవ్వడం కోసం చేసిన పని అది. బొమ్మ కాలికి మేజోళ్ళు కావలసి వస్తే గుండుసూదులతో అల్లారు. శిక్షణకు వచ్చినవాళ్ళు ఒక్కో గది ముందు నిలబడి, కంటికి కనిపించేదాన్ని వరసగా పరిశీలించడం నేర్చుకునేవారు. వాటిలో 18 గదులు ఇప్పటికీ బాల్టిమోర్‌లో అదే పనికి వాడుకలో ఉన్నాయి. ఆవిడ పని చూస్తే ఈ విద్యలోని అసలు సంగతి తెలుస్తుంది. ఒక వస్తువును చిన్నగా చెయ్యాలంటే, దాని పెద్ద రూపాన్ని మనం ఇదివరకు ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూడాలి. మీ ఇంటి గడప ఎత్తెంత? కిటికీ నేలకు ఎంత పైన మొదలవుతుంది? ఏళ్ళుగా అక్కడే ఉంటూ కూడా చెప్పలేం. చెప్పగలిగిన రోజున చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ముందు లెక్క

ఈ రంగంలో నాలుగైదు నిష్పత్తులు చెలామణిలో ఉన్నాయి. 1:12 అంటే అడుగుకు అంగుళం. పాతకాలం నుంచీ ఉన్నది, అందంగా ఉంటుంది, కానీ ముప్ఫై అడుగుల ఇల్లు రెండున్నర అడుగులు అవుతుంది. అపార్ట్‌మెంటులో దాన్ని ఎక్కడ పెడతారు? 1:48 అంటే అడుగుకు పావు అంగుళం, కొత్త చేతులకు మరీ చిన్నది. మధ్యలో 1:24 ఉంది. అడుగుకు అర అంగుళం. పుస్తకాల అలమరలో ఒక అరలో ఇల్లంతా ఇముడుతుంది, వస్తువులు ఇంకా వేళ్ళకు అందుతాయి. మార్కెట్లో దొరికే కిట్లలో చాలావాటి మీద 1:24 అనే రాసి ఉంటుంది. మొదటి ఇంటికి ఇదే ఎంచుకోండి, మరో ఆలోచన వద్దు.

లెక్క నోటికి వచ్చేదాకా పని మొదలుపెట్టకండి. ఆరడుగుల మనిషి 3 అంగుళాలు. ఏడడుగుల తలుపు మూడున్నర. పదడుగుల గది 5 అంగుళాలు. కుర్చీ కూర్చునే ఎత్తు ముప్పావు అంగుళం, భోజనాల బల్ల అంగుళంపావు, మెట్టు పావు అంగుళం. రెండడుగుల అరుగు అంగుళం ఎత్తు. చిన్న వస్తువులకు మిల్లీమీటర్లు మేలు. ఈ నిష్పత్తిలో ఒక మిల్లీమీటరు నిజంలో దాదాపు అంగుళం అనుకుంటే చాలు, తేడా కంటికి తెలియదు. నాలుగంగుళాల గ్లాసు నాలుగు మిల్లీమీటర్లు.

ఈ లెక్క ఒంటబట్టాక ఇంట్లో చెత్త అనుకున్నవన్నీ వేరే పేర్లతో కనిపించడం మొదలవుతాయి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఐస్‌క్రీం పుల్లను 24తో హెచ్చవేయండి. తొమ్మిదడుగుల పొడవు, తొమ్మిదిన్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. టింబరు డిపోలో దొరికే చెక్కపలకే అది. నిలువునా చీలిస్తే తలుపు పలకలు, రెండు పేర్చి అంటిస్తే నాలుగంగుళాల గడప. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు మన మేస్త్రీలు చెప్పే నాలుగున్నర అంగుళాల గోడ. రెండు పొరలు కలిపితే తొమ్మిదంగుళాల గోడ. 3 మిల్లీమీటర్ల కబాబ్ పుల్ల మూడంగుళాల వాసం. 12 మిల్లీమీటర్ల ఇత్తడిరంగు పూస, పైన అంచుకు ఒక చిన్న రింగు, అది అడుగు ఎత్తు బిందె. అంగుళం పలకలుగా కోసిన బూడిదరంగు అట్ట, రెండడుగుల షాబాదు బండల గచ్చు. ముగ్గుపిండిని పల్చటి గుడ్డలో జల్లించి అక్రిలిక్ తెల్లరంగులో కలిపితే సున్నం కొట్టిన గోడ.

లెక్క కుదరనిదాన్ని నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టాలి. అగరుబత్తి పుల్ల కిటికీ ఊచకు సరిపోయేలా కనిపిస్తుంది, కానీ హెచ్చవేస్తే ఇంచుంపావు లావు. ముప్పావు అంగుళం ఊచ కావాలంటే మిల్లీమీటరు కన్నా సన్నని బైండింగ్ తీగ తీసుకోవాలి. వస్తువు ఖరీదైనదా చవకదా అన్నది చూసేవాళ్ళ కంటికి తెలియదు. కొలత తప్పితే మాత్రం, ఎక్కడ తప్పిందో చెప్పలేకపోయినా, ఏదో తేడాగా ఉందని వెంటనే పసిగడతారు.

కిట్ నేర్పేది వరస

మొదటిసారి కిట్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. కొలతలన్నీ ఎవరో వేసి, లేజరుతో కోసి ఇచ్చారు కాబట్టి మీ మనసంతా వరస మీద పెట్టొచ్చు. తెరవగానే బొమ్మల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవండి. జిగురు ముట్టుకోవద్దు. పూసలు, తీగలు, కాగితాలు, గుడ్డముక్కలు విడివిడిగా మాత్రల డబ్బా గదుల్లోనో చిన్న గిన్నెల్లోనో సర్దండి. చెక్కముక్కలను పలక నుంచి ఒకేసారి ఊడదీయకండి. పలక మీదున్న అంకె పోతే ముక్క అనాథ అవుతుంది. అవసరమైనప్పుడు అవసరమైన ముక్కనే తీసి, అంచులో లేజరు కాల్చిన గోధుమ గీతను సన్నని ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దండి.

ఆ తర్వాత గోడలన్నీ జిగురు లేకుండా నిలబెట్టి చూడండి. మూలల్లో మూలమట్టం పెట్టి తొంభై డిగ్రీలు వస్తోందా చూడండి. మూలమట్టం లేకపోతే పాత పోస్టుకార్డు మూల చాలు. ఒక మూల కొంచెం తెరుచుకున్నా పైకప్పు దగ్గరికి వచ్చేసరికి సందు కనిపిస్తుంది. కట్టే వరస ఇది: పునాది పలక, గోడలు, గోడలకు రంగు లేదా కాగితం, గచ్చు, దీపాల తీగలు, ఆపైన తలుపులు కిటికీలు, చివరకు సామాను. ఈ వరసలో సామాను ఎందుకు చివరంటే, గది తయారయ్యాక అందులో ఏం పట్టదో తెలుస్తుంది. కిట్‌లో ఇచ్చిన వస్తువులన్నీ పెట్టి తీరాలన్న నియమం లేదు. అవి తయారైన దేశాల గదులకు తగ్గట్టు పియానోలు, కేకుల బల్లలు వస్తుంటాయి. వాటి చోట మీకు తెలిసిన వస్తువు పెట్టుకుంటే ఇల్లు మీదవుతుంది.

జిగురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ ఇళ్ళు చెడేది దానివల్లే. చెక్కకూ అట్టకూ కాగితానికీ ఫెవికాల్. టూత్‌పిక్ కొనతో ఎంత పల్చగా పూస్తే అంత గట్టిగా పడుతుంది. ఎక్కువైతే అందులోని నీటికి అట్ట ఉబ్బి వంగుతుంది. అతికించాక పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ప్లాస్టిక్‌కూ లోహానికీ ఫెవిక్విక్. దాన్ని కిటికీ అద్దంగా పెట్టిన పారదర్శక షీటు దగ్గర వాడితే ఆవిరికి షీటు మీద తెల్లటి మసక పడుతుంది, అది తుడిస్తే పోదు. అక్కడ ఫెవికాలే వాడి ఓపికపట్టండి. ఫెవిక్విక్ నూలుగుడ్డ మీద, దూది మీద పడితే చురుక్కుమనేంత వేడి పుడుతుంది, జాగ్రత్త. థర్మోకోల్ మీద స్ప్రే పెయింటు కొట్టకండి, కరిగిపోతుంది. అట్టగోడకు ఒకవైపే రంగు వేస్తే ఆరేటప్పుడు ఆవైపుకు వంగుతుంది. రెండువైపులా వేస్తే నిటారుగా నిలుస్తుంది. అతుకుల్లో సందులు మిగిలితే సన్నని రంపంపొట్టులో ఫెవికాల్ కలిపి నింపి, ఆరాక రుద్దండి. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి చెక్క ముక్కలు అతికేందుకు రంపంపొట్టు, చింతగింజల పొడి కలిపి 'మక్కు' చేసుకుంటారు. మనం చేసేది దానికి దగ్గరి చుట్టమే.

కోతకు మడిచి విరిచే బ్లేడున్న కట్టరు, ఇనుప స్కేలు, కింద మందపాటి మ్యాటు. ఒక్క కోతతో తెగాలని నొక్కకండి. తేలికగా నాలుగైదుసార్లు గీస్తే అంచు శుభ్రంగా వస్తుంది, వేళ్ళూ భద్రంగా ఉంటాయి. మొండి బ్లేడే ప్రమాదం. కొనను తరచుగా విరిచేస్తూ ఉండండి.

రెండో ఇల్లు మీది

కిట్ పూర్తయ్యాక చేతులు ఊరుకోవు. అప్పుడు అట్టపెట్టెలతో, సన్‌బోర్డు ముక్కలతో మీకు తెలిసిన ఇల్లొకటి కట్టండి. ఒక గది, ముందు వసారా, అరుగు, పెంకుల కప్పు చాలు. గది పది పన్నెండు అడుగులంటే 5 అంగుళాలు, 6 అంగుళాలు. వసారా ఆరడుగులంటే 3 అంగుళాలు. ముందు గ్రాఫు కాగితం మీద గీసి, తలుపు కిటికీ రంధ్రాలు గోడ నిలబెట్టకముందే కోసుకోండి.

పెంకులకు మందపాటి అట్టపెట్టె తీసుకోండి. పైకాగితాన్ని తడిగుడ్డతో మెల్లగా నానబెట్టి ఒలిచేస్తే లోపలి అలలు బయటపడతాయి. అల నుంచి అలకు ఏడెనిమిది మిల్లీమీటర్లు, అంటే నిజంలో ఏడంగుళాలు. గూన పెంకు వెడల్పుకు దగ్గరగానే ఉంది. ఆ అలలకు అడ్డంగా సెంటీమీటరు పట్టీలు కోసి, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి, ఒకదాని మీద ఒకటి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కేలా అంటించుకుంటూ వెళ్ళండి. పై నుంచి కిందికి అంటిస్తే వాన నీళ్ళు ఇంట్లోకి వచ్చే కప్పు అవుతుంది. పల్లెటూరి కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది. రంగు ఒకటే వెయ్యకండి. ఎర్రమట్టి రంగు వేసి ఆరాక, ఇంచుమించు పొడిగా ఉన్న బ్రష్‌తో అక్కడక్కడ నలుపు, వాననీళ్ళు నిలిచేచోట కొద్దిగా పాచిరంగు తాకించండి.

ఇక వసారాలోకి ఒక నులకమంచం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు అంటే 3 అంగుళాలు, అంగుళంన్నర. పట్టెలకు కబాబ్ పుల్లలు. కోళ్ళకు పాత పెయింటింగ్ బ్రష్‌ల పిడులు చూడండి, ఒంపుతో, పాలిష్‌తో తరిమెన పట్టించినట్టే ఉంటాయి. ముప్పావు అంగుళం ముక్కలుగా కోసి, పట్టె కూర్చునేచోట ఆకురాయితో చిన్న గాడి తీసి అంటించండి. రాత్రంతా ఆరాలి, ఎందుకంటే నులక బిగింపుకు అతుకు ఆగాలి. నులక దగ్గరే చాలామంది జనుపదారం పట్టుకుంటారు. అది 2 మిల్లీమీటర్లు, హెచ్చవేస్తే రెండంగుళాల మోకు. అసలు నులక సెంటీమీటరు లావుంటుంది కాబట్టి మనకు అర మిల్లీమీటరు లోపు దారం కావాలి. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులుంటుంది. రెండు పోగులు విడదీసి, పురిపెట్టి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే పాత నులక రంగు వస్తుంది. కాళ్ళవైపు జానెడు ఖాళీ, అంటే సెంటీమీటరు, వదిలి అడ్డంగా ఒక దారం కట్టండి. మిగతాదంతా పొడవునా వరసగా చుట్టి, మొద్దు సూదితో రెండు పోగులు పైకి రెండు కిందికి దాటిస్తూ అల్లండి. ఖాళీలో ఆ దారానికీ కాళ్ళవైపు పట్టెకూ మధ్య బిగింపు తాడు వేయండి. ఆ బిగింపు తాడు మరిచిపోతే అది నులకమంచం కాదు, అల్లిన బల్ల. గడపకు పసుపు పూసి, గుండుసూది తలను ఎర్రరంగులో ముంచి బొట్లు పెట్టడం కూడా ఇలాంటిదే. ఇంటికి ప్రాణం వచ్చేది ఈ చోట్లలోనే.

కొలత ఎంత సరిగ్గా వేసినా కొన్ని వస్తువులు తగ్గవు. గుడ్డను చిన్నగా కోయగలం కానీ దాని బిరుసును తగ్గించలేం. అందుకే కిటికీ తెర జారకుండా అట్టలా నిలబడుతుంది. బాగా నలిగిన పాత వాయిల్ చీర ముక్క తీసుకుని, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, థర్మోకోల్ మీద కుచ్చులు పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. గుడ్డ మీది పువ్వు అంగుళం ఉంటే మీ ఇంట్లో అది రెండడుగుల పువ్వు, కాబట్టి సన్నచుక్కల గుడ్డే వెతకండి. మెరుపు కూడా తగ్గదు. నిగనిగలాడే పెయింటు వేసిన తలుపు ఎంత బాగా చేసినా ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. మెరుపు లేని రంగులు వాడండి. ఒక్క బిందె మీద, ఒక్క అద్దం మీద మెరుపు ఉంచండి.

దీపానికి పసుపు ఛాయ ఉన్న తెల్ల ఎల్‌ఈడీ ఒకటి చాలు. 3 వోల్టుల బటన్ బ్యాటరీకి నేరుగా కలపొచ్చు. ఫోను చార్జరు నుంచి 5 వోల్టులు ఇస్తే మాత్రం ఒక్కో ఎల్‌ఈడీకి 220 ఓముల రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే మాడిపోతుంది. కప్పు మూసేముందే వెలిగించి చూసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో బటన్ బ్యాటరీ విషయంలో ఏమాత్రం అశ్రద్ధ వద్దు. మింగితే రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలదు. బ్యాటరీ అరకు స్క్రూ ఉన్న మూతే పెట్టండి, వాడని బ్యాటరీలు తాళం వేసి ఉంచండి. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోజుకు ఎంతసేపు

అరగంట. జిగురు ఆరేదాకా ఎలాగూ ముందుకు పోలేం కాబట్టి ఎక్కువసేపు కూర్చోవడం వల్ల లాభం తక్కువ, అలసటకు ముక్కలు పాడయ్యే అవకాశం ఎక్కువ. పనంతా అంచులున్న ఒక పెద్ద పళ్ళెంలో జరగాలి. భోజనాల వేళకు పళ్ళెం ఎత్తి అలమరలో పెట్టి, మర్నాడు దించితే నిన్న ఆపినచోటే పని దొరుకుతుంది. లేచేముందు రేపు చెయ్యబోయే ముక్క ఒకటి తీసి పళ్ళెం మధ్యలో పెట్టండి. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చునే సమయం తప్పుతుంది. పిల్లలు తోడుంటే బ్లేడు, ఫెవిక్విక్ మీ దగ్గర ఉంచుకుని రంగులూ పెంకులూ వాళ్ళకు ఇవ్వండి.

గడువు కావాలనుకునేవాళ్ళకు మన దగ్గర సంక్రాంతి, దసరా బొమ్మల కొలువులు ఉండనే ఉన్నాయి. మెట్ల మీద దేవతామూర్తులున్నా, కింద నేల మీద పల్లెటూరో పార్కో అమర్చే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. మీ పెంకుటింటికి అక్కడ చోటు సిద్ధంగా ఉంది. వచ్చినవాళ్ళు వంగి లోపలికి చూసి "మంచం అల్లిందెవరు?" అని అడుగుతారు.

కొలువు అయ్యాక దుమ్ము నుంచి కాపాడండి. ఈ నిష్పత్తిలో దుమ్ము ఇసుకలా కనిపిస్తుంది, ఊదితే చిన్న వస్తువులు ఎగిరిపోతాయి. మెత్తని బ్రష్‌తో దులిపి, పారదర్శక డబ్బా ఒకటి బోర్లించండి. మైదాజిగురు ఎక్కడా వాడకండి. బొద్దింకలు, కాగితం తినే పురుగులు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. పునాది పలక అడుగున మీ పేరు, తేదీ, 1:24 అని చెరగని సిరాతో రాయండి. తర్వాత కట్టే ఇల్లు కూడా అదే నిష్పత్తిలో ఉంటే రెండూ పక్కపక్కన నిలబడి వీధి అవుతాయి. వేరే నిష్పత్తిలో కడితే ఎంత బాగున్నా ఆ రెండూ ఒక ఊళ్ళో ఇమడవు.